ఎవరూ పట్టని ఔటు

ఆ రాత్రి పదకొండు దాటినా లెక్క తేలలేదు. ఒక పక్క కూడితే 39, ఇంకో పక్క కూడితే 38. అండర్-17 బేస్‌బాల్ మ్యాచ్ స్కోరు షీటును ఒళ్లో పెట్టుకుని, కావలిలో మా ఇంటి వరండాలో దోమలు తోలుకుంటూ ఆ ఒక్కటి కోసం వెతుకుతున్నాను. మా వారు రెండుసార్లు తొంగి చూసి వెళ్లారు. మూడోసారి ఉండబట్టలేక, "ఓడింది మీ పిల్లలే కదా, ఇంకా ఏమిటి లెక్క?" అన్నారు.

ఓడిన లెక్క కూడా కుదరాలి. ఈ జబ్బు నాకు మా నాన్న నుంచి వచ్చింది. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక రైస్ మిల్లులో ఆయన గుమాస్తా. చిట్టాకూ ఆవర్జాకూ పావలా తేడా వస్తే, అది దొరికే దాకా కంచం ముందు కూర్చునేవారు కాదు. జేబులోంచి పావలా తీసి వేసేస్తే సరిపోతుంది కదా అని చిన్నప్పుడు అడిగాను. "డబ్బు సరిపోతుంది గానీ తప్పు అక్కడే ఉంటుంది కదమ్మా" అన్నారు. ఎవరిదో తెలియని సొమ్ము వస్తే దాన్ని అనామతు ఖాతాలో రాసేవారు. పేరు దొరికే దాకా అది అక్కడ ఉండేది. ఖాతా లేకుండా ఒక్క పైసా కూడా పుస్తకంలో నిలబడకూడదన్నది ఆయన పట్టుదల.

నేను బడిలో లెక్కలు చెబుతాను. బేస్‌బాల్ నన్ను వెతుక్కుంటూ వచ్చింది తప్ప నేను దాని దగ్గరికి వెళ్లలేదు. మా వ్యాయామ ఉపాధ్యాయుడు ఒక రోజు స్టాఫ్ రూముకు వచ్చి, పిల్లలను ఆడించడానికి తను ఉన్నానని, స్కోరు రాయడానికి మనిషి లేరని, మీరైతే కూడికలు తప్పు పోవని బతిమాలారు. రెండు గంటల పని అనుకుని ఒప్పుకున్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో నియమావళి పుస్తకం రామకోటి పుస్తకం పక్కన ఉంటోంది. ఏది ఎక్కువ నలిగిందో చెప్పను.

క్రికెట్ మాత్రమే తెలిసిన వారికి ఒక్క మాట చెప్పాలి. బేస్‌బాల్‌లో బంతి వేసేవాడు పిచ్చర్, బ్యాటర్ వెనక దాన్ని పట్టేవాడు క్యాచర్. బ్యాటర్ కొట్టి రన్నరై, మూడు బేసులు చుట్టి, తను ఆడిన హోం ప్లేటుకు, అంటే ఇంటికి, చేరితే ఒక పరుగు. క్రికెట్‌లో వికెట్ పడితే చాలాసార్లు బౌలర్ ఖాతాలోకి వెళుతుంది, రనౌట్ అయితే వెళ్లదు, దానికి ఎవరూ కంగారు పడరు. బేస్‌బాల్‌లో అలా కుదరదు. ప్రతి ఔటూ ఎవరో ఒక ఫీల్డర్ పేరున జమ కావాలి. దాన్ని పుటౌట్ అంటారు. గాలిలో బంతి పట్టినవాడికి, బేసు మీద కాలుపెట్టి బంతి అందుకున్నవాడికి, రన్నర్‌ను బంతితో తాకినవాడికి పుటౌట్. కొట్టవలసిన బంతిని కొట్టలేకపోతే స్ట్రైకు, మూడు పడితే ఔట్. ఆ మూడో స్ట్రైకుకు బంతి పట్టిన క్యాచర్‌కు పుటౌట్. చివరికి స్కోరు షీటు సరిగా ఉందో లేదో తేల్చడానికి నియమావళిలోనే ఒక పరీక్ష పెట్టారు. ఒక జట్టు బ్యాటింగు లెక్కలన్నీ, అంటే ఆడిన వంతులు, వాకులు (నాలుగు చెడు బంతులు పడి ఊరికే మొదటి బేసుకు నడిచినవి), ఒంటికి బంతి తగిలి బేసుకు వెళ్లినవి, త్యాగపు బంట్లు (రన్నర్‌ను ముందుకు జరపడానికి బ్యాటును మెల్లగా తాకించి తను ఔటైనవి) వగైరా అన్నీ కూడాలి. ఆ మొత్తం ఆ జట్టు చేసిన పరుగులు, బేసుల మీద మిగిలిపోయిన రన్నర్లు, ఎదుటి జట్టు పుటౌట్లు, ఈ మూడింటి మొత్తానికి సమానం కావాలి. బ్యాటు పట్టుకుని వచ్చిన ప్రతి పిల్లవాడూ చివరికి ఇంటికి చేరి ఉండాలి, లేదా దారిలో ఆగిపోయి ఉండాలి, లేదా ఔటై ఉండాలి. నాలుగో గతి లేదు. మొదటిసారి ఈ నియమం చదివినప్పుడు, మా నాన్న ఉండి ఉంటే ఈ ఆటను మెచ్చుకునేవారు అనిపించింది.

ఆ రోజు మా పిల్లలు 31 వంతులు ఆడారు, 6 వాకులు, 2 సార్లు ఒంటికి బంతి. మొత్తం 39. పరుగులు 6, బేసుల మీద మిగిలినవారు 9. ఎనిమిది ఇన్నింగ్స్ ఆడాం కాబట్టి ఎదుటి జట్టుకు 24 పుటౌట్లు ఉండాలి. నా షీటులో 23 ఉన్నాయి. ఒక ఔటుకు తండ్రి లేడు.

ఏ ఔటో నాకు లోపల తెలుసు. తెలిసినా ఆ గడి దగ్గరికి చూపు పోనివ్వలేదు.

అక్టోబరు నెల. ఈశాన్య ఋతుపవనాల వాన రెండు రోజులు కురిసి, ఆ ఉదయమే తెరిపి ఇచ్చింది. మైదానం మెత్తగా ఉంది. గీతలు ముగ్గు పిండితో వేశారు, పదిగంటల కల్లా సగం చెరిగిపోయాయి. ఎదుటి జట్టు ఉదయగిరి వైపు పిల్లలు. ఏడో ఇన్నింగ్స్, అంటే బడి పిల్లలకు ఆఖరిది, మేము బ్యాటింగ్. స్కోరు 6-6. మార్కాపురం నుంచి తెచ్చుకున్న పెద్ద పలక మీద సుద్దముక్కతో రాసిన ఆ రెండు ఆరులు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి. ఒకరు ఔట్. మూడో బేసు మీద మా రన్నర్. మా మాస్టారు స్క్వీజ్ పన్నారు. పిచ్చర్ చెయ్యి ఎత్తగానే రన్నర్ కళ్లు మూసుకుని ఇంటికి పరుగెత్తుతాడు, బ్యాటర్ బంతిని ఎలాగైనా బంట్ చేసి నేల మీద దొర్లించాలి. బ్యాటుకు బంతి తగలకపోతే పరుగెత్తుకొస్తున్నవాడు నేరుగా క్యాచర్ చేతికి చిక్కుతాడు.

ఎదుటివాళ్లు పసిగట్టారు. పిచ్చర్ బంతిని ప్లేటుకు ఆవలి పక్కకు, చేతికి అందనంత దూరంగా వేశాడు. మావాడు కుడిచేతి ఆటగాడు. ఇంకో మార్గం లేక, వెనక ఉన్న కుడి కాలిని ముందుకు తీసి, ప్లేటు మీదుగా ఒంగి బ్యాటు చాపాడు. బంతి తగిలింది, మొదటి బేసు గీత వెంట దొర్లింది, మా రన్నర్ ఇంటికి చేరాడు. పిల్లలందరూ మైదానంలోకి దూకారు. పలక దగ్గర ఉన్న కుర్రవాడు ఆరు చెరిపి ఏడు రాశాడు.

అంపైర్ రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉన్నాడు. డెడ్ బాల్. బ్యాటర్ ఔట్. రన్నర్ వెనక్కి, మూడో బేసుకు.

ఆ తరువాత పట్టిన ఇరవై నిమిషాలు నేను రాయను. ఎవరు ఎవరినేమన్నారో అందరికీ గుర్తుంది, రాసి మళ్లీ గుర్తు చేయడం ఎందుకు. ఆట మళ్లీ మొదలయ్యాక మా తరువాతి బ్యాటర్ స్ట్రైక్ అవుట్ అయ్యాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వాళ్లు ఒక పరుగు చేశారు, మేము చేయలేదు. 7-6.

నియమం చదివితే రెండు పంక్తులు. బ్యాటరు తన పెట్టెకు, అంటే తను నిలబడడానికి ప్లేటు పక్కన గీసిన గడికి, పూర్తిగా బయట, ఒక కాలైనా రెండు కాళ్లైనా నేల మీద మోపి ఉండగా బంతిని కొడితే, అది చెల్లని బంతి. బ్యాటర్ ఔట్. కొట్టింది ఫెయిరా (మైదానం గీతల లోపలా) ఫౌలా (బయటా) అన్నది చూడరు, ఫౌల్ పోయినా ఔటే. బంతి చచ్చిపోతుంది, రన్నర్లందరూ పిచ్ వేసినప్పుడు ఎక్కడున్నారో అక్కడికి. కంచె దాటి పడినా ఇంతే. కొట్టబోయి తగలకపోతే మాత్రం ఔట్ లేదు, అది మామూలు స్ట్రైకు. పెట్టె బయటికి అడుగు వేయడం నేరం కాదు, అక్కడి నుంచి కొట్టడం నేరం.

రెండే పంక్తులు గానీ వాటిలో మూడు తాళాలు ఉన్నాయి. కాలు నేల మీద ఉండాలి. పూర్తిగా బయట ఉండాలి. బ్యాటుకు బంతి తగిలిన ఆ క్షణంలో ఉండాలి. మూడూ తెరుచుకుంటేనే ఔట్.

మన పిల్లలకు వీటిలో రెండోది అసలు ఎక్కదు. కారణం తొక్కుడు బిళ్ళ. చిన్నప్పటి నుంచి గీత తొక్కితే ఔట్ అని నరనరానా పట్టేసిన ఆట అది. కాలి బొటనవేలు గీతకు ఆనిందా లేదా అని ఎన్ని తగాదాలు పడ్డామో. కబడ్డీలోనూ అంతే, గీత దాటడమంటే భయం. బేస్‌బాల్‌లో గీత పెట్టెలో భాగం. మడమ గీత మీద ఉండి మిగిలిన పాదమంతా బయటికి వెళ్లినా చెల్లుతుంది. మన ఆటల్లో గీత పట్టించేది, ఇక్కడ గీత కాపాడేది. నేను ఈ సంగతి మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా, గీతకు జానెడు లోపల నిలబడి బయటి బంతులన్నీ వదిలేస్తారు. ఉన్న స్థలాన్ని వాడుకోరు.

ఇక ఆ రోజు జరిగినదానికి వస్తే, అంపైర్ ఇచ్చిన కారణం నాకు నచ్చలేదు. తీర్పు మీద కాదు, కారణం మీద నా పేచీ. "ప్లేటు తొక్కాడు, అందుకే ఔట్" అన్నాడు. యూనివర్సిటీ జట్టుకు ఆడిన కుర్రవాడు, ఆట తెలిసినవాడే. అయినా ఆ మాట సరిపోదు. పెద్దల బేస్‌బాల్‌లో పెట్టె 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, హోం ప్లేటు అంచు నుంచి 6 అంగుళాల దూరంలో. పదహారేళ్ల పిల్లవాడి బూటు పది అంగుళాలకు తక్కువ ఉండదు. అడ్డంగా పెడితే బూటు ముందు భాగం ప్లేటు మీద, మడమ గీత మీద, రెండూ ఒకేసారి సాధ్యం. పది లోంచి ఆరు తీసేస్తే నాలుగు అంగుళాలు ఇంకా పెట్టెలో ఉన్నట్టే. అంటే ప్లేటు తొక్కడం ఒక్కటే సాక్ష్యం కాదు. అమెరికా హైస్కూళ్ల నియమావళిలో మాత్రం ప్లేటును తాకుతూ కొడితే ఔట్ అని విడిగా రాసుకున్నారు. విడిగా రాసుకోవలసి వచ్చిందంటేనే, రాయకపోతే ఆ అర్థం రాదని కదా. మా టోర్నమెంటు సర్క్యులర్‌లో అంతర్జాతీయ నియమాలు అని ఉంది. కనుక ఆ కుర్రవాడు చెప్పవలసిన మాట "పాదమంతా పెట్టెకు బయట ఉంది" అని.

ఉందా? ఉంది. గొడవ జరుగుతుండగా నేను వలకు వెనక నుంచి లేచి వెళ్లి చూశాను. స్కోరర్ అలా వెళ్లకూడదు, వెళ్లాను. తెల్లటి రబ్బరు ప్లేటు మీద మట్టి బూటు ముద్ర అచ్చు వేసినట్టు ఉంది. వేళ్లు పిచ్చర్ వైపు, మడమ క్యాచర్ వైపు. పొడవుగా పడింది, అడ్డంగా కాదు. ప్లేటు వెడల్పు 17 అంగుళాలు, ముద్ర దాదాపు మధ్యలో ఉంది. గీతకూ దానికీ పొత్తు లేదు.

మా మాస్టారు పక్కనే నిలబడి అదే ముద్ర చూశారు. ఆయన తెలివైన మనిషి, వెంటనే మూడో తాళం పట్టుకున్నారు. "ఎక్కడ పడిందో తెలుస్తోంది మేడం, ఎప్పుడు పడిందో ముద్ర చెబుతుందా?" బంతి తగిలే వేళకు కాలు గాలిలో ఉండి, తగిలాక దిగి ఉండవచ్చు. అలా అయితే చెల్లుతుంది. గాలిలో ఉన్న కాలు ఎంత బయట ఉన్నా నియమం పట్టించుకోదు. నిజానికి ఆయన వాదనలో ఇదొక్కటే గట్టిది. దీనికి మట్టిలో జవాబు లేదు. చూసిన కంటికే ఉంది. నేను చూశాను. వలకు ఇవతల, ప్లేటుకు సరిగ్గా వెనక నా కుర్చీ. కాలు దిగింది, ఒళ్లు ఒంగింది, అప్పుడు బ్యాటు చాపాడు. దిగకుండా అంత దూరం చాపడం మనిషికి సాధ్యం కాదు, మోపిన కాలే కదా ఆ ఒంగడానికి ఊతం. మా పిల్లవాడు ఔట్. ఆ మాట అక్కడ పైకి అనలేదు. అనకపోవడం స్కోరర్‌గా మర్యాద అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజానికి పిరికితనం.

గొడవలో పెద్దమనుషులు కొందరు తెచ్చిన రాజీ ఒకటి ఉంది. ఔట్ వద్దు, పరుగూ వద్దు, ఆ బంతి మళ్లీ వేయించండి. మన ప్రాంతంలో ఏ తగాదాకైనా ఇదే మందు. చెరి సగం. ఒక క్రికెట్ అభిమాని దీనికి శాస్త్రం కూడా చూపించారు. 2022లో క్రికెట్ నియమాల్లో కొత్త మాట చేర్చారు. బ్యాటర్ ఒంట్లోనో బ్యాటులోనో కొంత భాగమైనా పిచ్ మీద ఉండాలి, పూర్తిగా బయటికి వెళ్లి కొడితే అంపైర్ డెడ్ బాల్ అంటాడు, ఔట్ ఇవ్వడు. అంత పెద్ద ఆటే డెడ్ బాల్‌తో సరిపెట్టుకుంటే, పిల్లల ఆటలో ఔట్ ఎందుకు?

మంచి ప్రశ్న. కానీ ఆయన అదే నియమంలో రెండో సగం చెప్పలేదు. బ్యాటర్ పిచ్ వదిలి వెళితే తప్ప అందనంత దూరంగా బంతి వేస్తే అది నో బాల్. అంటే అక్కడ దూరంగా వేసినవాడు కూడా తప్పు చేసినట్టే. బేస్‌బాల్‌లో దూరంగా వేయడం తప్పు కాదు, ఒక ఎత్తు. దానికి పిచ్చర్ ధర చెల్లిస్తాడు, ఒక బాల్ లెక్కలో పడుతుంది, నాలుగు పడితే బ్యాటర్ ఊరికే మొదటి బేసుకు నడుస్తాడు. రన్నర్ పరుగెత్తడం లేదని తేలితే ఆ బాల్ దండగ. అంత తెగించి, సరైన క్షణంలో సరైన బంతి బయటికి వేశారు ఆ పిల్లలు. మా ఎత్తుకు పై ఎత్తు వేశారు. ఆ బంతి మళ్లీ వేయించడమంటే, చదరంగంలో రాణి పోయాక "ఆ ఎత్తు వెనక్కి" అనడం. రాజీ చేసేవారికి రెండు పక్షాలే కనిపిస్తాయి, గెలిచినవాడు, ఓడినవాడు. మధ్యలో జరిగిన ఆట కనిపించదు. అంపైర్ రాజీకి ఒప్పుకోలేదు. ఆ కుర్రవాడి మీద నాకున్న పేచీలన్నీ అందుకు మాఫీ.

ఈ చెల్లని బంతి మాట వచ్చినప్పుడల్లా ఒక పాత కథ చెబుతారు. 1983 జూలై 24, న్యూయార్క్. ఆ ఊరి జట్టు యాంకీస్ 4-3 ఆధిక్యంలో ఉన్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యాక కాన్సాస్ సిటీ ఆటగాడు జార్జ్ బ్రెట్ కంచె దాటించి రెండు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. యాంకీస్ మేనేజర్ బిల్లీ మార్టిన్ వచ్చి బ్యాటు చూడమన్నాడు. పట్టు జారకుండా బ్యాటుకు పూసే పైన్ తారు పిడి కొస నుంచి 18 అంగుళాలు దాటకూడదు. అంపైర్ టిమ్ మెక్లెలాండ్ బ్యాటును హోం ప్లేటు మీద అడ్డంగా పెట్టి కొలిచాడు. 17 అంగుళాల ప్లేటే ఆయనకు కొలబద్ద. తారు దాటింది. అలాంటి బ్యాటుతో కొట్టింది చెల్లని బంతి అని ఔట్ ఇచ్చాడు, ఆట అయిపోయింది. నాలుగు రోజులకు లీగ్ అధ్యక్షుడు లీ మెక్‌ఫెయిల్ ఆ తీర్పును తిరగ్గొట్టాడు. ఆగస్టు 18న హోమ్ రన్ తరువాతి చోటు నుంచి ఆట మళ్లీ ఆడించారు, కాన్సాస్ సిటీ 5-4తో గెలిచింది.

మా మాస్టారు కూడా ఈ కథే చెప్పారు. అక్షరం కంటే ఆత్మ ముఖ్యం మేడం అన్నారు. నేను ఒప్పుకుంటాను. ఒప్పుకునే ఆయనను ఓడిస్తాను. తారు ఎక్కువైతే బంతి దూరం పోదు. బంతులు మురికవుతాయనే ఆ హద్దు పెట్టారు, అది దాటితే బ్యాటును పక్కన పెట్టమని మాత్రమే నియమం. దానికి ఔట్ ఇవ్వడం పావలా తప్పుకు ఇల్లు జప్తు చేయడం లాంటిది, అందుకే తీర్పు తిరగబడింది. కాలు సంగతి అలా కాదు. మావాడు ఆ కాలు బయట పెట్టబట్టే బంతి అందింది. పెట్టెలో ఉండి ఉంటే అందేది కాదు, మా రన్నర్ క్యాచర్ ఒళ్లో పడేవాడు. ఇక్కడ అక్షరమూ ఆత్మా ఒకే పక్కన ఉన్నాయి, మాకు ఎదురుగా.

చిన్న పిల్లలకు ఏదైనా సడలింపు ఉండాలా అని అడుగుతారు. 1939లో అమెరికాలోని విలియమ్స్‌పోర్ట్‌లో మొదలైన లిటిల్ లీగ్ వాళ్లు పన్నెండేళ్ల లోపు పిల్లల కోసం అన్నీ కుదించారు. బేసుల మధ్య 90 అడుగులకు బదులు 60, పిచ్చర్‌కు 60 అడుగుల 6 అంగుళాలకు బదులు 46 అడుగులు. పెట్టె వెడల్పు 3 అడుగులు, ప్లేటుకు దూరం 4 అంగుళాలు. ఇన్ని కుదించినవాళ్లు ఈ ఔటును మాత్రం కుదించలేదు. నాకు అది సబబుగానే తోస్తుంది. మొదటి ఏడాది పిల్లలకు ప్రాక్టీసులో ఆపి చెప్పవచ్చు, పదిసార్లు చెప్పవచ్చు. మ్యాచ్‌లో ఒకసారి వదిలేస్తే, ఎదుటి పిచ్చర్‌ కూడా పిల్లవాడే అన్న సంగతి మరిచిపోయినట్టు.

నా అసలు కోపం వేరే చోట ఉంది. గీతల మీద. కాలు గీతకు పూర్తిగా బయట ఉందని ఔట్ ఇవ్వాలంటే ముందు గీత ఉండాలి. మా మైదానంలో పెట్టెను టేపు పెట్టి గీసినవాళ్లు లేరు, అడుగులు వేసి గీస్తారు. ఎవరి అడుగు? పొద్దున్నే ఎవరు ముందు వస్తే వారిది. మ్యాచ్ అయ్యాక మిగిలిన గీతలను కొలిచాను. పొడవు 6 అడుగులు ఉండవలసిన పెట్టె ఒక పక్క 5 అడుగుల 2 అంగుళాలు ఉంది. రెండో ఇన్నింగ్స్ నాటికి వెనక గీత మాయం, అది మన ఒక్క ఊరి జబ్బు కాదనుకోండి, వెనక్కి జరిగి నిలబడాలనుకునే బ్యాటర్లు ఎక్కడైనా బూటుతో ముందు దాన్నే చెరిపేస్తారు. ఆ రోజు ముద్ర ప్లేటు మధ్యలో పడింది కాబట్టి సరిపోయింది. అదే గీతకు అంగుళం అటూ ఇటూ పడి ఉంటే, చెరిగిన ముగ్గులో ఏ దేవుడు తీర్పు చెప్పాలి? గీత కనబడని చోట ఈ ఔట్ ఇవ్వకూడదు, బారెడు దూరం బయట ఉంటే తప్ప. ఇంకో మాట, ముగ్గు పిండి డబ్బా ఒకటి గట్టు మీద ఉంచి, రెండు ఇన్నింగ్స్‌కు ఒకసారి గీతలు దిద్దడానికి పట్టే కాలం రెండు నిమిషాలు. గొడవకు ఇరవై పట్టింది.

సరే, మళ్లీ వరండాకు.

ఆ గడిలో ఏమి రాయాలి? నాకు మొదట వచ్చిన ఆలోచన సిగ్గుపడవలసింది. త్యాగపు బంట్ అని రాద్దామనుకున్నాను. బంట్ చేశాడు, జట్టు కోసమే చేశాడు, పాపం. త్యాగం అని రాస్తే అది వంతుగా పడదు, వాడి సగటు చెడదు. చమత్కారం ఏమిటంటే అలా రాసినా ఎడమ పక్క మొత్తం మారదు, వంతు నుంచి ఒకటి పోయి త్యాగంలో ఒకటి చేరుతుంది. అబద్ధం రాసినా లెక్క కుదురుతుంది. మా నాన్న పావలా గుర్తొచ్చింది. త్యాగమంటే రన్నర్ ముందుకు జరగాలి. మా రన్నర్ వెనక్కి, మూడో బేసుకే వచ్చాడు. అతనికి దొంగిలించిన బేసు లేదు, దొరికిపోవడమూ లేదు, ఏమీ జరగనట్టే. బ్యాటర్‌కు ఒక వంతు, ఒక ఔట్. అంతే.

మరి పుటౌట్? ఎవరూ బంతి పట్టలేదు. ఎవరూ ఎవరినీ తాకలేదు. మైదానంలో దొర్లుతున్న బంతిని ఆ పిల్లల మొదటి బేసువాడు ఎత్తాడు గానీ అప్పటికే అది చచ్చిన బంతి. నియమావళి తీశాను. ఇలాంటి దిక్కులేని ఔట్ల కోసం అందులో ఒక చిన్న అనాథాశ్రమమే ఉంది. చెల్లని బంతి కొట్టి ఔటైనవాడు, మూడో స్ట్రైకును ఫౌల్ బంట్ చేసినవాడు, తను కొట్టిన బంతి తనకే తగిలినవాడు, క్యాచర్‌కు అడ్డం వచ్చినవాడు, వరస తప్పి బ్యాటింగుకు వచ్చినవాడు, వీళ్లందరి పుటౌట్లూ క్యాచర్‌కే. రన్నర్‌కు బంతి తగిలి ఔటైతే మాత్రం బంతికి దగ్గరగా ఉన్న ఫీల్డర్‌కు. క్యాచర్ గడిలో 9 కొట్టేసి, అరిగిపోయిన పెన్సిలు ముక్కతో 10 వేశాను. 24. మొత్తం 39. పడుకున్నాను.

పడుకునేటప్పుడు అనుకున్నాను, క్యాచర్ అంటే బేస్‌బాల్ అనామతు ఖాతా అని. పేరులేని సొమ్మంతా అతని దగ్గర పడి ఉంటుంది. ఆ పోలిక నాకు తెగ నచ్చింది, స్టాఫ్ రూములో చెప్పడానికి దాచుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున ఫైనలుకు ముందు ఆ క్యాచర్ నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. సన్నగా, ముసుగు తీస్తే పదమూడేళ్లవాడిలా ఉన్నాడు. షీటు గోడకు అతికించి ఉంది, అది చదివి వచ్చాడు.

"మేడం, నాకు పది రాశారు. నేను చేసింది తొమ్మిదే. ఎనిమిది స్ట్రైక్ అవుట్లు, పైకి లేచిన బంతి ఒకటి."

ఎక్కువ వేశారని ఫిర్యాదు చేసిన విద్యార్థిని నా ఉద్యోగంలో మొదటిసారి చూశాను. కూర్చోబెట్టి నియమం చదివి వినిపించాను. ఎవరూ పట్టని ఔటు నాన్నా, ఎవరికో ఒకరికి వేయాలి, క్యాచర్ దగ్గరగా ఉంటాడు కాబట్టి నీకు వస్తుంది, నువ్వు చేసిందేమీ లేకపోయినా సరే అన్నాను. నా అనామతు ఖాతా పోలిక కూడా చెప్పబోయాను.

వాడు కాసేపు షీటు వైపు చూశాడు.

"మూడో బేసు మీద ఉన్న మీ జట్టు అన్న ఆ బంతికి ముందు బూటు లేసు బిగించుకున్నాడు మేడం. అంతకు ముందు బంతికి బిగించుకోలేదు. పరుగెత్తుతాడని అర్థమైంది. బయటికి వేయమని సైగ చేసింది నేనే."

షీటులో పుటౌట్లకు గడి ఉంది, అసిస్టులకు ఉంది, పొరపాట్లకు కూడా ఉంది. సైగకు లేదు. గోడ దగ్గరికి వెళ్లి, పెన్సిలుతో వేసిన ఆ 10 మీద వాడు చూస్తుండగా పెన్నుతో దిద్దాను.